కడుపు నిలబెట్టుకోలేదు అనే ముందు, రిపోర్టు మీద తేదీ చూడండి

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఫోన్‌కి నా గర్భం రక్తపరీక్ష రిపోర్టు పీడీఎఫ్‌గా వచ్చింది. బీటా హెచ్‌సీజీ 212. దాని కింద చిన్న అక్షరాల్లో వారాల పట్టిక. నాలుగో వారానికి 5 నుంచి 426 అని ఉంది. ఆ రోజుకి నాకు నాలుగు వారాల అయిదు రోజులు. 212 ఆ రెండు అంకెలకీ సరిగ్గా మధ్యలో ఉంది. "నార్మలే" అన్నాను మా ఆయనతో. ఇద్దరం కూర్చుని అన్నం తిన్నాం.

ఆదివారం మళ్ళీ రక్తం ఇచ్చాను. ఈసారి 251. సరిగ్గా అయిదు వారాలు నిండాయి. పట్టికలో అయిదో వారానికి 18 నుంచి 7,340. ఇదీ అందులోనే ఉంది. ఆదివారం కాబట్టి మా డాక్టరు లేరు. డ్యూటీలో ఉన్నావిడ ఫోన్‌లో "పెరిగింది కదమ్మా, మంచిదే" అన్నారు. సోమవారం స్కూటీ మీద ఆఫీసుకెళ్ళాను. మంగళవారం మూడో శాంపిల్ ఇస్తే 164 వచ్చింది. బుధవారం తెల్లవారుజామున బ్లీడింగ్ మొదలైంది.

ఆ వారమంతా ఫోన్లే. "సోమవారం స్కూటీ ఎందుకెక్కావు తల్లీ?" అన్నారు అత్తయ్య. పిన్ని బొప్పాయి ఏమన్నా తిన్నావా అని అడిగింది. అమ్మ ఏమీ అనలేదు కానీ, "కాస్త రెస్టు తీసుకుని ఉంటే..." అని సగంలో ఆపేసింది. ఎవరి మీదా నాకు కోపం రాలేదు. నేనూ అదే అనుకుంటున్నాను కాబట్టి. మియాపూర్ నుంచి ఆఫీసు దాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో, ఏ గుంత దగ్గర బండి ఎగిరిందో, పడుకుని ఒక్కొక్కటే గుర్తు చేసుకునేదాన్ని.

ఆ మూడు రిపోర్టులూ నా దగ్గరే ఉన్నాయి. అత్తయ్య ప్రశ్నకి జవాబు వాటి మీదే, తేదీతో సహా ఉంది. నాకు చదవడం రాలేదు. చదివి చెప్పినవాళ్ళు లేరు. తర్వాత చాలా నెలలకి నేనే కూర్చుని నేర్చుకున్నాను.

తొలి వారాల్లో చేసే ఈ రక్తపరీక్షలు పోతున్న గర్భాన్ని ఆపలేవు. కానీ అది ఎప్పటినుంచి పోతోందో చెప్పగలవు. మన ఇళ్ళలో నింద పడేది ఎప్పుడూ చివరి రెండు రోజుల మీదే. నిన్న ఏం తిన్నావు, మొన్న ఎక్కడికెళ్ళావు, ఏం ఎత్తావు. అందుకే ఆ "ఎప్పటినుంచి" అనేదాన్ని డాక్టర్లు నోటితో, స్పష్టంగా, ఇంట్లోవాళ్ళు వినేలా చెప్పి తీరాలని నా వాదన. పరీక్ష రాయడమే పని అనుకుంటే సరిపోదు.

ముందు ఆ అంకె ఏమిటో చెప్తాను. పిండం గర్భాశయపు గోడలో నాటుకున్నాక, తర్వాత మావిగా మారబోయే కణాలు తల్లి రక్తంలోకి ఒక హార్మోన్ వదులుతాయి. అదే హెచ్‌సీజీ. "గర్భాన్ని నిలిపి ఉంచే ప్రొజెస్టిరాన్ హార్మోన్ తయారీ ఆపొద్దు" అని అండాశయానికి అందే కబురు అది. మెడికల్ షాపులో దొరికే స్ట్రిప్ మూత్రంలో వెతికేదీ దీన్నే. స్ట్రిప్ ఉందో లేదో చెప్తుంది, రక్తపరీక్ష ఎంత ఉందో చెప్తుంది. నా స్ట్రిప్ మీద రెండో గీత లేతగా వచ్చిందనే డాక్టరు రక్తపరీక్ష రాశారు.

ఇక బీటా ఎందుకంటే, ఈ హార్మోన్‌లో రెండు ముక్కలుంటాయి. ఆల్ఫా ముక్క మన ఒంట్లో ఉండే మరి కొన్ని హార్మోన్లలోనూ ఉంటుంది, థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్‌తో సహా. బీటా ముక్క మాత్రం దీనికే ప్రత్యేకం. అండం విడుదలకి కారణమయ్యే ఎల్‌హెచ్‌నీ హెచ్‌సీజీనీ పాత పరీక్షలు విడదీయలేకపోయేవి. 1972లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో జుడిత్ వైటుకైటిస్, గ్లెన్ బ్రౌన్‌స్టైన్, గ్రిఫ్ రాస్ కలిసి ఆ రెంటినీ విడదీసే పరీక్షను ప్రచురించారు. వాళ్ళ దృష్టి హెచ్‌సీజీని విడుదల చేసే కాన్సర్ కణితుల మీద కూడా ఉంది. గర్భం గురించి ఇంత తొందరగా, ఇంత కచ్చితంగా తెలుసుకునే దారి అక్కడే తెరుచుకుంది. 1960ల దాకా ఎలుకలకీ కప్పలకీ మూత్రం ఎక్కించి చూసిన కాలం ఉంది.

ఇప్పుడు నా రెండో రిపోర్టు దగ్గరికి వద్దాం.

"రెండు రోజులకోసారి డబుల్ అవ్వాలి" అనే మాట మీరూ వినే ఉంటారు. అది మరీ కచ్చితమైన సూత్రమేమీ కాదు. 1980లలో రెండు రోజుల్లో కనీసం 66 శాతం పెరగాలనేవాళ్ళు. 2004లో అమెరికాలో కర్ట్ బార్న్‌హార్ట్ బృందం, చివరికి మామూలుగా సాగిన గర్భాల్లోనే అంతకంటే నెమ్మదిగా పెరిగినవి ఉన్నాయని చూపించి, కనీస పెరుగుదలని 53 శాతానికి దించింది. 2018 నాటికి అమెరికన్ ప్రసూతి వైద్యుల కాలేజీ ఇంకొంచెం విడమరిచింది: మొదటి అంకె 1,500 లోపుంటే కనీసం 49 శాతం, 1,500 నుంచి 3,000 మధ్య ఉంటే 40, అంతకు మించితే 33. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు రాసే నైస్ సంస్థ మార్గదర్శకాలు, స్కాన్‌లో గర్భం ఎక్కడుందో కనపడనప్పుడు, 48 గంటల్లో 63 శాతానికి మించి పెరిగితే అది గర్భాశయంలో సాగుతున్న గర్భమయ్యే అవకాశం ఎక్కువ అంటాయి. 50 శాతానికి మించి తగ్గితే సాగే అవకాశం తక్కువ. మధ్యలో ఉంటే 24 గంటల్లోగా ఆమెని మళ్ళీ చూడాలి.

212 నుంచి 251. అంటే 18 శాతం. ఏ లెక్క ప్రకారం చూసినా చాలదు. నేను స్కూటీ తాళం చేతిలోకి తీసుకునే సరికే ఆ కాయితం ఆ మాట చెప్పేసింది. కింద పట్టిక మాత్రం రెండుసార్లూ నార్మల్ అంది.

ఆ పట్టిక మీద నాకు ఇంకా కోపం పోలేదు. 18 నుంచి 7,340 అంటే ఏమిటి? 400 రెట్ల తేడా. అన్ని రకాల గర్భాలనీ, తేదీ తప్పుగా లెక్కేసినవాటితో సహా, ఒకే బుట్టలో వేస్తే వచ్చే అంకెలవి. రాత్రి పూట ఒంటరిగా ఫోన్ చూసుకునే ఆడమనిషికి దానివల్ల రెండే జరుగుతాయి. లేని ధైర్యం వస్తుంది, లేదా అక్కర్లేని భయం పట్టుకుంటుంది. ఒక్క అంకెకి అర్థం లేదు, రెండు అంకెల మధ్య నడకకే అర్థం ఉంది. ఆ ఒక్క వాక్యం పట్టిక పైన తెలుగులో రాయడానికి ల్యాబులకి ఏమవుతుంది?

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఇది చదివినవాళ్ళెవరైనా చేతిలో రిపోర్టుతో లెక్కలేసుకుని "నాది 45 శాతమే, అయిపోయింది" అనుకుంటే నేను పెద్ద తప్పు చేసినదాన్నవుతాను. ఆ 49 శాతం కూడా ఒక అంచనా. దానికి కాస్త ఇటుగా ఉండి హాయిగా సాగిన గర్భాలున్నాయి. కవలల్లో ఒకటి ఆగిపోయినా అంకెలు తడబడతాయి. తొందరపడి లేదనేయడం వల్ల బతికున్న గర్భాలు పోయిన అనుభవం వైద్యానికి ఉంది. అందుకే 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన నిపుణుల వ్యాసం స్కాన్ కొలతలని కూడా పెంచింది. పిండం పొడవు 7 మిల్లీమీటర్లు చేరినా గుండె కదలిక లేకపోతేనో, పిండం చుట్టూ ఏర్పడే సంచి సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు చేరినా లోపల పిండం లేకపోతేనో మాత్రమే ఒక్క స్కాన్ కొలతతో సాగదని తేల్చాలంది. అంతకు ముందు పిండం పొడవు 5 మిల్లీమీటర్లకే తేల్చేసేవాళ్ళు. గర్భం కావాలనుకునే మనిషి స్థిమితంగా ఉన్నప్పుడు, ఒకే ఒక్క హెచ్‌సీజీ అంకె పట్టుకుని గర్భం కరిగించే మందు ఇవ్వకూడదని కూడా ఆ వ్యాసం గట్టిగా చెప్పింది.

మన దగ్గర లెక్క తప్పడానికి ఇంకా చిన్న చిన్న కారణాలున్నాయి. రెండో శాంపిల్ వేరే ల్యాబులో ఇస్తే మెషీన్ మారుతుంది, కిట్ మారుతుంది, అంకెలు పోల్చడానికి పనికిరావు. నలభై ఎనిమిది గంటలన్నది ఇంటికొచ్చి రక్తం తీసుకునే కుర్రాడి వీలుని బట్టి నలభై అవుతుంది, యాభై అయిదవుతుంది. గర్భం నిలవడానికని కొందరికి హెచ్‌సీజీ ఇంజెక్షనే ఇస్తారు. అది చేసిన కొద్ది రోజులకే రక్తం తీస్తే మీరు కొలిచేది ఇంజెక్షన్నే. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో వేసుకుంటుంటే, కొన్ని రకాల కిట్లలో అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. నేను ఆ రోజుల్లో బయోటిన్ వేసుకునేదాన్ని కాదు. కానీ వేసుకుంటున్నావా అని అడిగినవాళ్ళు కూడా లేరు.

ఇప్పుడు మన మాటల దగ్గరికొస్తాను. ఇదే నాకు అసలు విషయం.

తెలుగులో "కడుపు నిలవలేదు" అంటాం. "కడుపు నిలబెట్టుకోలేకపోయింది" అని కూడా అంటాం. మొదటి దాంట్లో కడుపే కర్త. రెండో దాంట్లో ఆమె కర్త. నిలబెట్టుకోవడం అంటే ఉద్యోగం నిలబెట్టుకోవడం, మాట నిలబెట్టుకోవడం లాంటిది. శ్రద్ధ ఉంటే చేయగలిగేది, నిర్లక్ష్యం వల్ల పోగొట్టుకునేది. ఆ క్రియాపదం వాడిన క్షణంలోనే తీర్పు అయిపోతుంది. మా ఇంట్లో రెండు రకాలుగానూ అన్నారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, అలా అనడం అలవాటు. కొత్తగా వచ్చిన "కెమికల్ ప్రెగ్నెన్సీ" అనే మాట ఇంకో రకంగా బాధ పెడుతుంది. స్కాన్‌లో కనపడకముందే పోయిన గర్భానికి డాక్టర్లు పెట్టిన పేరది. హెచ్‌సీజీ అనే రసాయనం ద్వారా మాత్రమే తెలిసింది అని దాని అర్థం. మా మామయ్యగారు నిజంగానే "కెమికల్ అంటే ఏవన్నా మందుల వల్లా?" అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. అంటే నాది అసలు గర్భమే కాదా అని మాత్రం మనసులో మెదిలింది.

ఎంతమందికి జరుగుతుందో తెలిస్తే ఆ క్రియాపదం నిలబడదు. 1988లో అలన్ విల్‌కాక్స్ బృందం నార్త్ కెరొలైనాలో గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది ఆడవాళ్ళ మూత్రాన్ని రోజూ సేకరించి హెచ్‌సీజీ చూసింది. 198 గర్భాలు కనపడ్డాయి. అందులో 22 శాతం వైద్యపరంగా గుర్తించే లోపే పోయాయి. తెలిశాక పోయినవి కూడా కలిపితే 31 శాతం. దాదాపు మూడింట ఒకటి. వాళ్ళెవరూ కలిసి ఒకే స్కూటీ ఎక్కలేదు, ఒకే బొప్పాయి తినలేదు. 2021లో లాన్సెట్ పత్రిక లెక్క ప్రకారం, తెలిసిన గర్భాల్లో దాదాపు 15 శాతం గర్భస్రావమవుతాయి. ప్రపంచమంతా కలిపి ఏడాదికి 2 కోట్ల 30 లక్షలు. నిమిషానికి 44.

అదే విల్‌కాక్స్ 1999లో చెప్పిన సంగతి నన్ను ఇంకా ఎక్కువ కదిలించింది. నిలిచిన గర్భాల్లో చాలావరకు అండం విడుదలైన ఎనిమిదో రోజు నుంచి పదో రోజు లోపు గోడలో నాటుకున్నాయి. తొమ్మిదో రోజు లోపు నాటుకున్నవాటిలో తొందరగా పోయినవి 13 శాతం. పదో రోజైతే 26. పదకొండో రోజైతే 52. ఆ తర్వాత నాటుకుంటే 82 శాతం. మనకి నెల తప్పిందన్న అనుమానం కూడా రాని రోజులవి. స్ట్రిప్ కొనకముందే, రెస్టు తీసుకోవాలో వద్దో అనే ఆలోచనకి తావే లేనప్పుడే, సగం కథ అయిపోయి ఉండొచ్చు.

తొలి మూడు నెలల్లో పోయేవాటిలో సగం, కొన్ని లెక్కల్లో అంతకంటే ఎక్కువ, క్రోమోజోముల లెక్క తప్పడం వల్లే. అది కూడా ఇప్పుడు తల్లి రక్తంలోనే చూడగలుగుతున్నారు. మావి కణాల డీఎన్ఏ ముక్కలు తల్లి రక్తంలో తిరుగుతాయి. డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ ప్రెగ్నెన్సీ లాస్ అధ్యయనం వాళ్ళు, గర్భాశయంలోనే గర్భం ఉందని తేలి తర్వాత పోగొట్టుకున్న వెయ్యి మంది రక్తం పరీక్షించి 2023లో లాన్సెట్‌లో ప్రచురించారు. 45 శాతం మందిలో క్రోమోజోముల తేడా కనపడింది. 41 శాతం మందిలో క్రోమోజోములు బాగానే ఉన్నాయి. మిగతావాళ్ళకి తేలలేదు. ఈ పద్ధతి అయిదో వారం నుంచే పనిచేస్తోందన్నారు. రెండు వర్గాలకీ దీని వల్ల లాభమే. మొదటివాళ్ళకి కారణం తెలుస్తుంది. రెండోవాళ్ళకి థైరాయిడో, రక్తం గడ్డకట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలో, మరేదైనా ఉందేమో వెతకడానికి ఆధారం దొరుకుతుంది, మూడోసారి పోయేదాకా ఆగకుండా. నన్నడిగితే, తొలి గర్భస్రావం మీద ఈ మధ్య జరిగిన పనుల్లో నాకు ఇంతకంటే విలువైనది కనపడలేదు.

హెచ్‌సీజీకి మాత్రం ఆ శక్తి లేదు. అది ఎప్పటినుంచి అనేది చెప్తుంది, ఎందుకు అనేది చెప్పదు. నా ఆదివారం రిపోర్టు వల్ల రుజువైంది ఒక్కటే, సోమవారం కంటే ముందే నడక తప్పిందని. నా బాధకి అదే చాలింది.

ఇక ప్రొజెస్టిరాన్. దీన్ని వదిలేస్తే నా కథ సగమే చెప్పినట్టవుతుంది. శుక్రవారం రక్తంలో అది కూడా చూశారు. మిల్లీలీటరుకి 6.1 నానోగ్రాములు. శనివారం పొద్దున "తక్కువగా ఉంది" అని ఇంజెక్షన్ చేశారు, మాత్రలు రాశారు. ఆ తర్వాత చాలా కాలం, ఒక్క వారం ముందు వెళ్ళి ఇంజెక్షన్ చేయించుకుంటే నిలిచేదేమో అని కుమిలిపోయాను. స్కూటీ నింద కంటే ఇది లోతుగా దిగింది. ఎందుకంటే ఇది తెల్లకోటు వేసుకున్నవాళ్ళ దగ్గరి నుంచి వచ్చింది.

ప్రొజెస్టిరాన్ తక్కువుండటం గర్భం పోవడానికి కారణమా, పోతోందనడానికి గుర్తా? చాలాసార్లు అది గుర్తే. పిండం బలహీనపడితే హెచ్‌సీజీ కబురు సన్నబడుతుంది. కబురు సన్నబడితే అండాశయం ప్రొజెస్టిరాన్ తగ్గిస్తుంది. చమురైపోతుంటే దీపం సన్నబడుతుంది. వత్తి ఎగదోస్తే చమురు పెరగదు. గుర్తుగా చూస్తే అది నిజంగా మంచి పరీక్షే. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, నొప్పో బ్లీడింగో ఉండి స్కాన్‌లో ఏమీ తేలని ఆడవాళ్ళలో ప్రొజెస్టిరాన్ 3.2 నుంచి 6 నానోగ్రాముల మధ్య పెట్టుకున్న హద్దు కంటే తక్కువగా ఉంటే, సాగని గర్భాల్లో నూటికి 75 దాకా అది పట్టుకుంటుంది. సాగే గర్భాన్ని పొరపాటున సాగనిదిగా చూపించేది నూటికి రెండు కంటే తక్కువ. సింగపూర్‌లోని కేకే ఆసుపత్రి వాళ్ళు బ్లీడింగ్‌తో వచ్చినవాళ్ళని రెండు వర్గాలు చేయడానికి లీటరుకి 35 నానోమోల్స్ అనే హద్దు వాడారు. మన రిపోర్టుల లెక్కలో అది సుమారు 11 నానోగ్రాములు.

మరి మందుగా? 2019లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన అరి కూమరసామి నాయకత్వంలో ప్రిజమ్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. తొలి నెలల్లో బ్లీడింగ్ అయిన 4,153 మంది, బ్రిటన్‌లో 48 ఆసుపత్రులు. సగం మందికి ప్రొజెస్టిరాన్, సగం మందికి ఉత్త మాత్ర. బిడ్డ పుట్టినవాళ్ళు ఇటు 75 శాతం, అటు 72 శాతం. మొత్తం మీద ఆ తేడాని నిజమైన తేడాగా చెప్పలేమన్నారు. కానీ అంతకు ముందు మూడుసార్లో అంతకంటే ఎక్కువసార్లో గర్భం పోయినవాళ్ళని విడిగా చూస్తే 72, 57. ఆ ఆధారంతోనే 2021లో నైస్, బ్లీడింగ్ అవుతూ, ఇదివరకు కనీసం ఒక్కసారైనా గర్భస్రావం జరిగినవాళ్ళకి ప్రొజెస్టిరాన్ ఇవ్వమంది. వాళ్ళకి అది దక్కాల్సిందే, దాన్ని నేను వాదించను. అప్పటికి నాకు బ్లీడింగ్ లేదు, ఇది మొదటి గర్భం. నా అంకె చూసి ఇచ్చిన ఇంజెక్షన్ నాకు మందుగా పనిచేయలేదు, నింద మాత్రం తెచ్చిపెట్టింది. ఇచ్చేటప్పుడు "ఇది పనిచేయకపోతే దానర్థం ఆలస్యమైందని కాదు" అని ఒక్క మాట అని ఉంటే నాకు ఏడాది మిగిలేది.

రక్తంలో కనిపించే ఇంకా చాలా గుర్తుల మీద పరిశోధన నడుస్తోంది. సీఏ 125, ఇన్హిబిన్ ఏ, పాప్ ఏ, మైక్రో ఆర్ఎన్ఏలు. వాటిలో కొన్ని ఆశాజనకంగా ఉన్నాయి. రేపు వాటితో ఒక ప్యాకేజీ చేసి మన ల్యాబులు అమ్మడం మొదలుపెట్టే లోపు, ఇప్పుడున్న రెండు అంకెలనే సరిగ్గా చదివి చెప్పడం నేర్చుకుంటే బాగుంటుంది.

నా స్నేహితురాలు ఒకామె, తను ఆయుర్వేదంలో డాక్టరు, ఈ వాదన మొత్తం విని ఒక ప్రశ్న వేసింది. "అసలు ఇంత తొందరగా తెలుసుకోవడం దేనికే? మన అమ్మమ్మలకి పది రోజులు ఆలస్యంగా బయట చేరినట్టు ఉండేది, అంతే. పరీక్ష లేకపోతే నీకు ఈ దుఃఖమే లేదు."

ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోలేదు. ఏ నొప్పీ, బ్లీడింగూ లేని, ఇదివరకు ఇబ్బంది లేని ఆడవాళ్ళందరికీ రెండు రోజులకోసారి బీటా చేయించడాన్ని నేను సమర్థించను. దానివల్ల టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు. ఏడో వారంలో ఒక స్కాన్ వాళ్ళకి చాలు. లేత గీతకి నాకు పరీక్ష రాయడం కూడా అవసరమా అని ఇప్పటికీ నాకు సందేహమే. కానీ తనన్న "అంతే"లో రెండు సంగతులు దాక్కున్నాయి. ఒకటి, ఆ అమ్మమ్మల్లో కొంతమంది ట్యూబులో గర్భం పగిలి చనిపోయారు. నూటికి ఒకటో రెండో గర్భాలు గర్భాశయం బయట నాటుకుంటాయి. స్కాన్‌లో ఏమీ కనపడకుండా హెచ్‌సీజీ మాత్రం నెమ్మదిగా పాకుతూ ఉంటే డాక్టర్లకి మొదట రావాల్సిన అనుమానం అదే. నా 18 శాతం వెనక అది కూడా ఉండే అవకాశం ఉంది. అందుకే బ్లీడింగ్ ఆగాక కూడా అంకె 5 లోపుకి దిగేదాకా నాలుగు వారాలు రక్తం తీశారు. ఆ నాలుగు సూదులూ ఎందుకో కూడా నాకు చివరిదాకా తెలియదు, గాయం మీద కారం చల్లుతున్నారనుకున్నాను. ట్యూబు గర్భంలో అంకె ఒక్కోసారి మామూలుగానే పెరిగి మోసం చేస్తుంది. కాబట్టి ఒక పక్క పొత్తికడుపులో నొప్పి, భుజం నొప్పి, కళ్ళు తిరగడం లాంటివి ఉంటే ఏ రిపోర్టూ చూసుకుంటూ ఇంట్లో కూర్చోకూడదు, రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి.

రెండోది, అమ్మమ్మలకి తెలియలేదన్నది పూర్తిగా నిజం కాదు. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఇంకొక్క విషయం, ఉద్యోగం చేసేవాళ్ళకి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోనూ, 2025 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ, గర్భస్రావమైన మర్నాటి నుంచి ఆరు వారాల జీతంతో సెలవు ఉంది. వైద్యుల రుజువు చూపించాలి. స్కాన్‌లో కనపడకముందే పోయినప్పుడు చేతిలో ఉండే రుజువు ఈ రక్తం రిపోర్టులూ, వాటి మీద డాక్టరు రాసే రెండు వాక్యాలే. నేను మూడు రోజులు సిక్ లీవ్ పెట్టి నాలుగో రోజు వెళ్ళిపోయాను. నాకు తెలియదు. మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. డాక్టరు ఆ రెండు వాక్యాలు రాసిస్తే మీకు సెలవుకీ పనికొస్తాయి, ఇంట్లో చూపించడానికీ పనికొస్తాయి. అడగండి. "గర్భం సాగడం లేదని ఫలానా తేదీ రిపోర్టులో కనపడింది" అని తేదీ వేసి రాయమనండి.

మొన్న సంక్రాంతికి చీరాల వెళ్ళినప్పుడు మా చిన్నాడపడుచు రెండో నెలలో ఉంది. అత్తయ్య తనకి జాగ్రత్తలు చెప్తూ చెప్తూ, "వదిన చూడు, అప్పుడు స్కూటీ ఎక్కి..." అన్నారు. నేను లేచి లోపలికెళ్ళి, ఫోన్‌లో దాచుకున్న మూడు రిపోర్టులూ తెరిచి ఆవిడ పక్కన కూర్చున్నాను. "అత్తయ్యా, ఇది శుక్రవారంది. ఇది ఆదివారంది. ఇక్కడే ఆగిపోయింది చూడండి. స్కూటీ ఎక్కింది సోమవారం" అన్నాను. కళ్ళజోడు తెప్పించుకున్నారు. ఒక్కో రిపోర్టు మీద తేదీ పెద్దది చేసి చూపించమన్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత, చిన్నాడపడుచు లేచి వెళ్ళాక, మెల్లగా చెప్పారు. మా ఆయన కంటే ముందు ఒకటి నిలవలేదట. నెల తప్పి పది పదిహేను రోజులైందట. బావి దగ్గర్నించి బిందె ఎత్తుకొచ్చిన మర్నాడు పోయిందట. "నిండు బిందె ఎందుకెత్తావని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది. నలభై మూడేళ్ళు నేనూ అదే అనుకుంటన్నా" అన్నారు.

నేనేమీ అనలేకపోయాను. ఆవిడ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆదివారం రిపోర్టు మళ్ళీ తెరిచారు.

"అయితే బయటపడక ముందే లోపల ఆగిపోతదంటావు. ఎన్ని రోజుల ముందు?"

"ఒక్కొక్కళ్ళకి ఒక్కోలా అత్తయ్యా. రెండు మూడు రోజుల ముందే ఆగొచ్చు, వారం ముందు కూడా ఆగొచ్చు."

"బిందె ఎత్తింది ముందు రోజేగా" అన్నారు, వేళ్ళ మీద లెక్కపెడుతూ. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు.